చీర రెండో కొస

లలితమ్మ ఏ చీరనూ ట్యూబులైటు కింద నమ్మేది కాదు. దుకాణం దీపాల కింద ప్రతి రంగూ పెళ్లికూతురే అనేది. నచ్చిన చీరను భుజాన వేసుకుని గడప దాకా నడిచి వచ్చేది. ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస కూతురు అమల చేతికిచ్చి, పత్తర్‌గట్టి బజారులో రాతి కమాను కింద పగటి వెలుతురులో చీరను సాగదీసి చూసేది. నచ్చితే కొనేది, లేకుంటే మడత పెట్టించేది. బాలకిషన్ సేఠ్ దుకాణంలో ఇరవై ఏళ్లపాటు ఆమెది ఇదే పద్ధతి. ఆమె గడప దగ్గర నిలబడితే లోపలికి వచ్చేవాళ్లు పక్కకు ఒదిగి రావాల్సిందే. సేఠ్ ఏనాడూ విసుక్కోలేదు.

ఇంట్లో భర్త కొండల్ నవ్వేవాడు. ఆయనది పాల వ్యాపారం. మూడు పూటలు తన చేత్తో పిండి చూసుకోనిదే ఏ బర్రెకూ డబ్బు చెల్లించని మనిషి. "మరి మీ బర్రెకు మూడు పూటలు కావాలె గానీ, నా చీరకు ఒక్క పగలు అక్కెర లేదా?" అని లలితమ్మ అడిగేది.

ఆమె పోయి పద్నాలుగు నెలలైంది. ఆ పద్నాలుగు నెలల్లో అమల ఒక్కసారి కూడా పత్తర్‌గట్టి వైపు వెళ్లలేదు.

దూరమేమీ కాదు. గౌలిపురలోని వాళ్లింటి నుంచి నడిస్తే అరగంట. చార్మినార్ దాటితే పత్తర్‌గట్టే. కాలేజీ నుంచి వచ్చేటప్పుడు ఆ దారే దగ్గర. అయినా చుట్టు తిరిగి వచ్చేది. గల్లీలో వాళ్లందరికీ జరిగింది తెలుసు, చెప్పే పని లేదు. కాలేజీలో ఎవరూ అడగలేదు. మిగిలింది ఆ దుకాణం ఒక్కటే. అక్కడ అడుగు పెడితే సేఠ్ కళ్లజోడు పైకి తోసుకుని, అమ్మ రాలేదా బేటీ అని అడుగుతాడు. దానికి జవాబు అమల ఇంతవరకూ తన నోటితో ఎవరికీ చెప్పలేదు. ఊరంతటిలో ఆ ఒక్క దుకాణంలోనే అమ్మ ఇంకా పోలేదు.

ఇంటి వెనుక కొట్టంలో ఉండే బర్రెలను కొండల్ ఆరేళ్ల కిందట జల్‌పల్లి షెడ్డుకు మార్చాడు. తెల్లవారకముందే వెళ్లి, పాలు పోసుకుంటూ పదింటికి ఇల్లు చేరతాడు. తిని, ఓ కునుకు తీసి, రెండింటికి మళ్లీ బయలుదేరి, పొద్దుగూకాక వస్తాడు. ఆయన ఇంట్లో ఉండే వేళకు అమల కాలేజీలో ఉంటుంది. సాయంత్రాలు గల్లీలోని ఇద్దరు పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. వాళ్లు వెళ్లాక ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు ఒక్కటే మిగులుతుంది. తండ్రి వచ్చాక ఇద్దరి మధ్యా నడిచే మాటలు రెండే. తిన్నవా. తిన్న.

అందుకే ఆ రోజు ఆయన మూడో మాట అన్నప్పుడు అమల తలెత్తి చూసింది. పాల క్యాన్లు బోర్లిస్తూ, వాటికే చెబుతున్నట్టు అన్నాడు.

"పెత్తరమాసకు అమ్మకు చీర పెట్టాలె బిడ్డా. ఏది తేవాల్నో నువ్వే చూడు."

పోయిన మనిషికి ఏడాది మాసికం అయ్యాక పెద్దల్లో కలుపుకుంటారు. ఆ తర్వాత వచ్చే పెత్తరమాసనాడు, అంటే భాద్రపద అమావాస్యనాడు, ఫొటో ముందు కొత్త బట్టలు పెడతారు. పెట్టిన చీరను తర్వాత ఇంటి ఆడపిల్ల కట్టుకుంటుంది. లలితమ్మకు ఇది మొదటిసారి. ఆయన డబ్బు తీయబోతుంటే, తన దగ్గర ఉందని అమల చెప్పింది. ట్యూషన్ డబ్బుతో, తన సంపాదనతో కొనాలని ఆమె కోరిక.

ఏ చీర పెట్టాలో ఆమెకు ఆలోచించే పనే లేకపోయింది. ఒకే చీర గుర్తుంది. రెండేళ్ల కిందట, డిగ్రీలో చేరేముందు, కాలేజీకి డ్రెస్సులు కొనడానికి వెళ్లినప్పుడు అమ్మ ఒక గద్వాల చీరను గడప దగ్గరికి తెచ్చింది. నెమలికంఠం రంగు, ఆవపువ్వు రంగు అంచు. మిగతా చీరలకంటే ఎక్కువసేపు పట్టుకు నిలబడింది. ధర విన్నాక నిదానంగా మడత పెట్టించి, పక్కకు పెట్టు సేఠ్, దసరాకు చూస్తనంది. ఆ రోజు అమలకు రెండు డ్రెస్సులు కొన్నారు. దసరా వచ్చింది, వెళ్లింది. చీర మాట మళ్లీ రాలేదు.

ఆ చీర కావాలంటే సేఠ్ దుకాణానికి వెళ్లాలి. రెండు రోజులు వెళదామనుకుంది. రెండు రోజులూ చార్మినార్ దాకా వెళ్లి, గాజుల దుకాణాల ముందు కాసేపు నిలబడి, వెనక్కి వచ్చింది.

మూడో రోజు సాయంత్రం ఫోనులో గద్వాల చీరలని వెతికింది. వేళ్లతో తోసుకుంటూ పోతుంటే ఒక ఫొటో దగ్గర చేయి ఆగిపోయింది. నెమలికంఠం రంగు చీర, ఆవపువ్వు అంచు, వెనుక రాతి కమాను. ఫొటో ఎడమ అంచున చీర కొసను పట్టుకున్న ఒక ఆడమనిషి చేయి. ముంజేతి వరకే ఉంది, మనిషి లేదు. మణికట్టు మీద చింతగింజంత మచ్చ.

పొంగుతున్న పాలగిన్నె దించబోయి కాల్చుకున్న మచ్చ అది. అప్పుడు అమల ఆరో తరగతి. వెన్న రాసింది తనే.

ఫొటోను పెద్దది చేసి మచ్చను చూసింది. చిటికెన వేలు విడిగా పెట్టి పట్టుకునే తీరు చూసింది. ఫొటోను తన ఫోనులో దాచుకుంది. ఆ తర్వాతే పేజీ పేరు చదివింది. పత్తర్‌గట్టి చీరల ఖజానా అని ఉంది. సేఠ్ దుకాణం పేరు అది కాదు. ఆన్‌లైన్ కోసం పెట్టుకున్న పేరేమో అనుకుంది.

అమలకు తెలియక కాదు. ఇలాంటి పేజీల గురించి కాలేజీలో ఒకరోజంతా చెప్పారు. ఉన్న ధరలో మూడో వంతుకే ఇస్తామంటే అనుమానించమన్నారు. కొన్నవాళ్ల మాటలు రాయడానికి చోటు లేకుండా మూసేస్తే అనుమానించమన్నారు. వస్తువు చేతికి అందాక డబ్బు ఇస్తామంటే ఒప్పుకోనివాళ్లతో, ఈ ఒక్క రోజే అని తొందరపెట్టేవాళ్లతో బేరం వద్దన్నారు. అవన్నీ ఆమె నోటుబుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. ఆ పుస్తకం అలమరలోనే ఉంది. ఈ పేజీలో ఆ నాలుగూ ఉన్నాయి. నాలుగూ కనబడ్డాయి కూడా.

కానీ చేయి అమ్మది. దొంగల పేజీలో అమ్మ చేయి ఎందుకుంటుంది?

పైగా దుకాణానికి వెళ్లక్కర్లేదు. ఎవరూ ఏమీ అడగరు. చీర ఇంటికే వస్తుంది. అవతలివాళ్లు మేడమ్, మేడమ్ అంటూ మర్యాదగా రాశారు. ఒక్కటే పీసు మిగిలిందన్నారు. అమల డబ్బు పంపింది. నాలుగు నెలల ట్యూషన్. అమావాస్యకు ముందే అందాలని రాస్తే, తప్పకుండా అని నమస్కారం బొమ్మ పెట్టారు.

నాలుగు రోజుల దాకా ఏమీ రాలేదు. అయిదో రోజు పార్శిల్ గోడౌన్‌లో ఆగిందని, ఇంకొంత కడితే కదులుతుందని, అది తిరిగి ఇచ్చేస్తామని రాశారు. చీర వద్దు, డబ్బు వెనక్కి ఇవ్వండని రాసింది. వెంటనే సరేనన్నారు. అంత తొందరగా ఒప్పుకోవడమే వింతగా తోచింది. ఒక లింకు పంపి, అది తెరిచి పిన్ కొడితే డబ్బు జమ అవుతుందన్నారు. వేలు దాని దాకా వెళ్లింది. డబ్బు పంపడానికే పిన్ కావాలి, రావడానికి అక్కర్లేదు. నోటుబుక్కులో ఎర్ర గీత కొట్టుకున్న వాక్యం అది. ఫోను బల్ల మీద పెట్టేసింది. పిన్ కొట్టనని రాసిన రెండు నిమిషాలకు ఆ నంబరు పలకడం మానేసింది. పేజీ కూడా తెరుచుకోలేదు.

డబ్బు పోయిందన్న బాధ మరునాటికి గానీ రాలేదు. ఆ సాయంత్రం తాను దాచుకున్న ఫొటో ఉందో లేదోనని మూడుసార్లు చూసుకుంది. ఉంది.

ఆ రాత్రి తండ్రి, చీర చూసినవా బిడ్డా అని అడిగాడు. చూసిన, వస్తదని చెప్పింది. అమావాస్యకు ఇక అయిదు రోజులే ఉన్నాయి.

శనివారం మధ్యాహ్నం క్లాసు అయిపోగానే ఈసారి చుట్టు తిరగలేదు. పత్తర్‌గట్టిలో ఎప్పటిలాగే జనం. ఆటోలు, బండ్లు, ముత్యాల దుకాణాల ముందు పిలిచేవాళ్లు. అమ్మ చేయి ఆ కమాను కింద ఉందంటే దుకాణంవాళ్లకు ఏదో తెలిసే ఉంటుంది. చీర కూడా అక్కడే ఉండవచ్చు. ఆ రెండు మాటలు మనసులో పట్టుకుని గడప ఎక్కింది.

బాలకిషన్ సేఠ్ ఆమెను వెంటనే పోల్చుకోలేదు. ఆమె ఫోనులో ఫొటో చూపించింది. ఆయన చూసి, పక్కన లెక్కల యంత్రం ముందున్న కొడుకు అనురాగ్ వైపు తిరిగాడు.

"గీ ఫొటో పట్టుకుని ఏడో మనిషి వచ్చింది రా. ఇంకో ముగ్గురొస్తే మనమే గద్వాలకు ఒక బస్సు మాట్లాడొచ్చు." తర్వాత అమలతో అన్నాడు. "గద్వాల చీర ఆ ధరకు ఎవరిస్తరు బేటీ? ఆ పైసలతోని గద్వాల పోయి, మగ్గం చూసి, అన్నం తిని రావచ్చు. అంతే వస్తది. ఆ పేజీ మాది కాదు. మా ఫొటోలు ఎత్తుకపోయిన్రు దొంగనాకొడుకులు. ఎక్కడుంటవ్ నువ్వు?"

గౌలిపుర అని చెప్పింది.

"గౌలిపురనా? నడిచొచ్చే దూరంల ఉండి ఫోన్ల కొనుడేంది? గీ గడప దగ్గర నిలబడి మస్తుమంది..." అంటూ ఆగాడు. కళ్లజోడు పైకి తోసుకుని పరీక్షగా చూశాడు. ఆయన ముఖం విచ్చుకుంది. "అరే, నువ్వు లలితమ్మ బిడ్డవు కదా. ఇంత పొడుగైనవ్. అమ్మ రాలేదా?"

ఆమె సంచి పట్టీని రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మ లేదు సేఠ్‌జీ. పోయిన ఏడు ఆషాఢంల పోయింది."

ఇంత చిన్న మాట కోసమా ఇన్నాళ్లు చుట్టు తిరిగింది అనిపించింది. చెప్పాక దుకాణం మారలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. పక్క గద్దె మీద ఎవరో లంగాబట్ట బేరం చేస్తూనే ఉన్నారు. సేఠ్ ముందున్న టేపును తీసి చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టడం పూర్తయ్యాక విప్పి, మళ్లీ చుట్టాడు.

"ఆ చీర మూడు నెలలు పక్కకు పెట్టిన," అన్నాడు చివరికి. "దసరాకొస్తనన్నది. రాలే. దీపావళి ముందట అమ్మిన. ఇంకొన్ని దినాలు ఉంచాల్సింది."

ఫర్వాలేదు అనే మాట అక్కడ సరిపోదని అమలకు అనిపించింది.

అనురాగ్ లేచి వచ్చాడు. తన తప్పే ఉన్నట్టు తల వంచుకుని మాట్లాడాడు. ఫొటోలు తీసింది తనేనట. గడప దగ్గర చీర అందంగా కనబడితే తీసి దుకాణం పేజీలో పెట్టేవాడట. కొనడానికి వచ్చినవాళ్ల ముఖాలు పెట్టవద్దని తండ్రి గట్టిగా చెప్పడంతో మనుషులను కత్తిరించి చీరను మాత్రమే ఉంచేవాడట. ఆ ఫొటోలే వాళ్లు ఎత్తుకెళ్లారు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చామన్నాడు. తర్వాత ఆన్‌లైన్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశావా అని అడిగాడు. లేదంది. డబ్బు పంపి ఎన్ని రోజులైందంటే ఎనిమిది అంది.

"ఆ గంటల్నే చేస్తే పైసలు ఆపేటందుకు వీలుంటది. ఇప్పుడు వస్తయని చెప్పలేను. అయినా చెయ్యి. ఇంకొకరిదన్నా ఆగుతది."

అక్కడే కూర్చుని ఫోన్ చేసింది. పంపిన తేదీ, నంబరు, వాళ్లు రాసిన మాటలు ఒక్కొక్కటే చెప్పింది. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. దాన్ని చేతి మీద రాసుకుంది. ఇంత పని ఎనిమిది రోజుల కిందటే ఎందుకు చేయలేదో తనకు తెలుసు. చేస్తే ఎవరో ఒకరికి చెప్పినట్లవుతుంది. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరనే అనుకుంటూ వచ్చింది.

లేవబోతూ అడిగింది, కత్తిరించకముందు ఫొటో ఉందా అని.

అనురాగ్ కంప్యూటర్‌లో చాలాసేపు వెతికాడు. దొరికాక తెరను ఆమె వైపు తిప్పాడు.

అమ్మ ఎడమవైపు నిలబడి ఉంది. పచ్చ గాజులు, ఎప్పుడూ వేసుకునే గోధుమరంగు చీర. చేతిలోని నెమలికంఠం రంగు చీర మధ్యలో వెలుతురు పడి అంచు మెరుస్తోంది. అమ్మ చీరను చూడటం లేదు. కుడివైపుకు చూస్తోంది, నోరు కొద్దిగా తెరిచి, ఏదో అడుగుతున్నట్టు. కుడివైపున పసుపు చున్నీ వేసుకున్న అమ్మాయి. చీర రెండో కొసను రెండు వేళ్లతో పట్టుకుంది. రెండో చేతిలో ఫోను. తల దాని మీదికి వంచి ఉంది.

ఎట్లుంది అని అడిగి ఉంటుంది. ఎప్పుడూ అదే అడిగేది. తాను ఏం చెప్పిందో అమలకు గుర్తులేదు. మంచిగుంది అనే ఉంటుంది, తలెత్తకుండానే.

ఆ ఫొటో తనకు పంపమని అడిగింది. పంపాడు. సేఠ్ మంచినీళ్లు తాగి పొమ్మన్నాడు. తాగి వచ్చేసింది.

మర్నాడు ఆదివారం. పదింటికి కొండల్ వచ్చి, బావి గద్దె దగ్గర క్యాన్లు కడుగుతున్నాడు. అమల వెళ్లి పక్కన నిలబడింది. చీర రాదని చెప్పింది. మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. డబ్బు ఎంతో చెప్పింది. వస్తదని అబద్ధం ఆడానని కూడా చెప్పింది. ఆయన నల్లా కట్టేసి విన్నాడు. ఆమె పేజీలోంచి దాచుకున్న ఫొటోను, మచ్చ ఉన్న చేతిని, చూపించింది.

ఆయన చేతులు తుడుచుకున్నాడు. తువ్వాలుతో రెండోసారి తుడుచుకుని ఫోను తీసుకున్నాడు. ఎండలో తెర కనబడక గోడ నీడలోకి నడిచాడు. అక్కడే, ఆమెకు వీపు తిప్పి నిలబడ్డాడు.

"చూడకుండ పైసలియ్యద్దు అని నేనే చెప్తుంట," అన్నాడు అటు తిరిగే. "గని చెయ్యి ఆమెదే కదా బిడ్డా. ఎట్ల అనుమానపడ్తవ్?"

అమల తిట్లకు సిద్ధపడి వచ్చింది. దీనికి సిద్ధపడలేదు. రెండో ఫొటో కూడా చూపించాలనుకుంది. చూపించలేకపోయింది. ఇంకో రోజు చూపించవచ్చు.

ఆయన ఆ మధ్యాహ్నం కునుకు తీయలేదు. కాళ్లు కడుక్కుని, పెళ్లిళ్లకు వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని, పద అన్నాడు.

కొండల్ ఇరవై ఏళ్లలో ఆ దుకాణం గడప తొక్కింది లేదు. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక చేత్తో పట్టుకున్నాడు. సేఠ్ లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఇద్దరూ లలితమ్మ గురించి మాట్లాడుకోలేదు. వానల గురించి, జల్‌పల్లి రోడ్డు గురించి రెండు మాటలు అనుకున్నారు. గద్వాల చీరల కట్ట తీయబోతే అమల వద్దంది. తన దగ్గర మిగిలిన డబ్బుకు ఏది వస్తుందో అది చూపించమంది. ఎక్కువైతే నేను పెడతానని తండ్రి అనబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. సేఠ్ తగ్గించి ఇస్తానని అనలేదు. అందుకు ఆమెకు మనసులో కృతజ్ఞత కలిగింది.

నూలు చీరలు పరిచారు. అందులో ఒకటి ముదురు ఆకుపచ్చ, సన్నని ఎర్ర అంచు. ట్యూబులైటు కింద బాగానే ఉంది. కొండల్ జేబులో చేయి పెట్టి, ఇదే కట్టు సేఠ్ అన్నాడు.

"ఆగు బాపు," అంది అమల.

చీరను భుజాన వేసుకుని గడప దాకా నడిచింది. ఆయన అర్థం కాక వెంట వచ్చాడు. ఆమె మడత విప్పి, ఒక కొస తాను ఉంచుకుని, రెండోది ఆయన ముందుకు చాచింది.

"గీ కొస పట్టుకో. కొంచెం వెనక్కి జరుగు."

చెప్పులు గోడవారగా పెట్టి, ఆయన బర్రె పలుపు పట్టుకున్నట్టు రెండు పిడికిళ్లతో కొసను బిగించి పట్టుకున్నాడు. వెనక్కి జరిగాడు. కమాను కింది నుంచి వెలుతురు వచ్చి చీర మీద పడింది. లోపలికి వస్తున్న ఇద్దరు ఆడవాళ్లు పక్కకు ఒదిగి వెళ్లారు. ఆయన చీరను కాదు, కూతుర్ని చూస్తున్నాడు.

"ఎట్లుంది బిడ్డా?"

పగటి వెలుతురులో చీరను ఏం చూడాలో, రంగునా, నేతనా, అంచు కలిసిన చోటునా, అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. అమల అడగలేదు. ఇన్నేళ్లూ రెండో కొస పట్టుకున్నది తనే, చూసింది మాత్రం అమ్మే. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు. కొసను కొంచెం పైకెత్తి, చీరను ఈ చివర నుంచి ఆ చివర దాకా నిదానంగా చూడటం మొదలుపెట్టింది. అమ్మ ఎంతసేపు చూసేదో అంతసేపూ చూసింది. ఆయన చేతులు దించకుండా నిలబడ్డాడు.